ఆఫీసుకు సైకిల్ మీద వెళ్ళడం ఎలా? హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండ్లవాళ్ళతో గొడవ పడకుండా

సైకిల్ తొక్కేవాళ్ళు బండ్లవాళ్ళ గురించి చెప్పే ఫిర్యాదు ఒకటే: వెనక నుంచి హారన్ కొట్టి, మోచేతికి తగిలేంత దగ్గరగా దూసుకెళ్ళి, ఆ వెంటనే ఎడమకు కోస్తారు. బండ్లవాళ్ళ ఫిర్యాదు ఇంకా చిన్నది: సైకిల్ ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలిసి చావదు. రెండోది మీ చేతిలో ఉన్న పని. దాన్ని సరిచేసుకుంటే మొదటి బాధ కూడా చాలా వరకు తగ్గుతుంది. రోజూ ఐదు నుంచి పన్నెండు కిలోమీటర్లు తొక్కి ఆఫీసుకు వెళ్దామనుకునే వాళ్ళ కోసం ఈ పద్ధతి. రాసింది హైదరాబాద్ రోడ్లను దృష్టిలో పెట్టుకునే అయినా, విజయవాడ బందరు రోడ్డు మీద కూడా దాదాపు ఇదే పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. కాబట్టి లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్ ఏవీ అక్కర్లేదు. హెల్మెట్ తప్పనిసరి చేసిన 129వ సెక్షన్ కూడా మోటారు సైకిళ్ళ గురించే. (పెట్టుకోవద్దని కాదు. తప్పకుండా పెట్టుకోండి.) అలాగని సైకిల్‌కు రూల్సే లేవనుకుంటే పొరపాటు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్, జనం తిరిగే దారిలో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా వాహనం నడపడం గురించి చెబుతుంది. అందులో 'మోటారు' అన్న మాట లేదు. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నంబర్ ప్లేట్ లేదు కాబట్టి కెమెరా చలాన్ రాదు, అంతే తేడా.

'ట్యాక్స్ కట్టని సైకిల్‌కు రోడ్డు మీద ఏం హక్కు' అని సిగ్నల్ దగ్గర వాదించేవాళ్ళు ఎదురవుతారు. నడిచిపోయేవాళ్ళూ ఏ ట్యాక్సూ కట్టడం లేదు, రోడ్డు వాళ్ళది కూడా. ఈ వాదన గ్రీన్ పడేలోపు తేలేది కాదు, వదిలేయండి.

సైకిల్‌ను కనబడేలా, ఆగేలా సిద్ధం చేయండి

1. వెనక ఎర్ర లైటు ముఖ్యం, ముందు లైటు దాని తర్వాతే. వెనకది పగలు కూడా వెలిగించుకోవచ్చు. బ్యాగు, రెయిన్ కోటు కొసలు దానికి అడ్డు పడకుండా సీటు కింది గొట్టానికి బిగించండి.

2. ముందు లైటు వీధి దీపాలున్న రోడ్లకు 200 నుంచి 300 ల్యూమెన్లు (వెలుగు కొలత) చాలు. వెలుగు మీ ముందు ఏడెనిమిది మీటర్ల దూరంలో నేల మీద పడేలా వంచండి. వెయ్యి ల్యూమెన్ల లైటు కొని, నేరుగా ఎదుటివాళ్ళ కళ్ళలోకి పెట్టి, టకటకా కొట్టుకునేలా వదిలేస్తే, హై బీమ్ వేసుకుని తిరిగే కారుకూ మీకూ తేడా ఉండదు.

3. బ్రేకు లివర్ గట్టిగా నొక్కినా హ్యాండిల్‌కు అంటకూడదు. మధ్యలో రెండు వేళ్ళ సందు మిగలాలి. అంటుతుంటే తీగ బిగించండి. రబ్బర్ల మీది గీతలు అరిగిపోయి ఉంటే జత మార్చండి. చాలా సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. మీది ఏదో ఇంటి దగ్గరే చూసుకోండి, సంజ్ఞ ఇచ్చేటప్పుడు ఆ లెక్క అవసరమవుతుంది.

4. టైరులో గాలి ఎంత ఉండాలో టైరు పక్కగోడ మీదే అచ్చువేసి ఉంటుంది. గాలి తక్కువైతే గుంతల్లో ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

5. బెల్లు పెట్టుకోండి. బస్సు డ్రైవర్‌కు అది వినబడదు కానీ, ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటేవాళ్ళకు వినబడుతుంది.

దారి: బైకు మీద వెళ్ళే దారి వద్దు

మ్యాప్‌లో దగ్గరగా కనబడేది సాధారణంగా ఫ్లైఓవర్ దారి. సైకిల్‌కు ఫ్లైఓవర్ ఎక్కడం కన్నా, అది మొదలయ్యే చోటే ప్రమాదం. కింది రోడ్డుకు వెళ్ళే బండ్లు మీ ముందు నుంచి ఎడమకు కోస్తాయి, పైకి వెళ్ళేవి కుడివైపు నుంచి వేగం పెంచుతాయి, మీరు మధ్యలో చిక్కుకుంటారు. కింది రోడ్డే పట్టుకోండి. ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉన్న బోర్డు కనబడితే ఆ దారిలో సైకిల్‌కు ప్రవేశం లేదు. నీలం వలయంలో సైకిల్ బొమ్మ ఉంటే అది సైకిళ్ళ దారి.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మోటారు సైకిళ్ళనే రానివ్వరు, సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు. దాని పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. ఒక ముక్క నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, రెండోది నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్తాయి. మీ ఆఫీసు ఆ చుట్టుపక్కల ఉంటే అదృష్టం. మిగతావాళ్ళు కాలనీ లోపలి రోడ్లను కలుపుకుంటూ ఒక దారి గీసుకుని, ఆదివారం పొద్దున ఒకసారి తొక్కి చూడండి. ఆ రోజు చూడాల్సింది దూరం కాదు, ఎన్నిచోట్ల కుడికి తిరగాలి అన్నది.

రోడ్డు అంచుకు అంటుకుని తొక్కకండి

కొత్తవాళ్ళంతా చేసే తప్పు ఇది. భయంతో అంచుకు జరుగుతారు. దాంతో రెండు నష్టాలు. మొదటిది, అంచున ఇసుక, గాజు పెంకులు, మ్యాన్‌హోల్ మూతలు, వాన నీటి జాలీలు ఉంటాయి. జాలీ కడ్డీలు రోడ్డు పొడవునా ఉంటే సన్నటి టైరు అందులో దిగబడుతుంది. వాటిని తప్పించుకోవడానికి ఒక్కసారిగా కుడికి జరుగుతారు, అప్పుడే వెనకవాడు తిట్టుకుంటాడు. అతని తప్పేమీ లేదు.

రెండోది లెక్క. లేను వెడల్పు మామూలుగా మూడున్నర మీటర్లు. మీరు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే హ్యాండిల్ కొసతో కలిపి మీరు ఆక్రమించేది 60 సెంటీమీటర్లు. మీటరూ 80 సెంటీమీటర్ల కారుకు పక్కన 2.9 మీటర్లు ఖాళీ కనబడుతుంది, లేను మారకుండానే దూరిపోవచ్చనిపిస్తుంది. అదే చక్రం అంచుకు మీటరు దూరంలో ఉంటే మిగిలేది 2.2 మీటర్లే. ఇక్కడ పట్టదని డ్రైవర్‌కు ముందే తెలుస్తుంది, పక్క లేనులోకి జరిగి దాటుతాడు. హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. వెనక నాలుగైదు బండ్లు ఆగిపోతే మాత్రం ఖాళీ జాగా చూసి పక్కకు జరిగి దారివ్వండి.

ఆగి ఉన్న కార్ల పక్కన పోయేటప్పుడు కూడా ఇదే మీటరు పాటించండి. ఎడమవైపు పార్క్ చేసిన కారులో మీ వైపు తెరుచుకునేది డ్రైవర్ తలుపు. వెనక అద్దంలోంచి తల కనబడినా, బ్రేకు లైటు అప్పుడే ఆరినా తలుపు తెరుచుకోబోతోందని అనుకోండి.

తిరిగే ముందు చెప్పండి

గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదు మీటర్లు. మలుపుకు ఇరవై మీటర్ల ముందు మొదలుపెడితే నాలుగు సెకన్లు దొరుకుతాయి. వరస ఇది: భుజం మీదుగా వెనక్కి చూడాలి, వేగం తగ్గించాలి, చేయి చాపాలి, రెండు సెకన్లు అలాగే ఉంచాలి, మళ్ళీ రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి తిరగాలి. బ్రేకు చేయి చాపకముందే వేయాలి. ఒంటిచేత్తో, అదీ ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే తల కిందులవుతారు.

పాత డ్రైవింగ్ రూల్స్‌లో ఎడమకు తిరగాలన్నా కుడిచేతినే చాపి అపసవ్య దిశలో గుండ్రంగా తిప్పాలని ఉంది. కారు కిటికీలోంచి బయటికి వచ్చేది కుడిచేయి ఒక్కటే కదా. సైకిల్ మీద ఆ విన్యాసం చేస్తే ఎవరికీ అర్థం కాదు. ఎడమచేయి చాపండి. ఆగబోతుంటే కుడి అరచేతిని కిందికి పెట్టి పైకీ కిందికీ ఊపండి.

కూడలి, బస్సు, ఆటో

రెడ్ పడితే స్టాప్ లైన్ వెనకే ఆగండి. ఖాళీగా ఉంది కదా అని దాటే సైకిల్ ఒక్కటి చాలు, వెనక కారులో ఉన్న మనిషికి సైకిళ్ళన్నిటి మీదా అభిప్రాయం ఖాయమైపోతుంది. 'ఫ్రీ లెఫ్ట్' బోర్డో, ఎడమ బాణం లైటో లేనిచోట ఎడమకు కూడా ఆగాల్సిందే. మీరు నేరుగా వెళ్ళాల్సి ఉండి ఫ్రీ లెఫ్ట్ లేనులో నిలబడ్డారనుకోండి, వెనకవాళ్ళు హారన్ మోగించడం న్యాయమే. దానికి కుడిపక్క లేనులో, ముందున్న బండి వెనక నిలబడండి.

పెద్ద కూడలిలో కుడికి తిరగడానికి మూడు లేన్లు కోసుకుంటూ మధ్యకు పోనక్కర్లేదు. గ్రీన్‌లో నేరుగా అవతలి మూలకు వెళ్ళండి, అక్కడ ఎడమ అంచున ఆగి సైకిల్‌ను కుడివైపుకు తిప్పుకోండి, ఆ దిక్కుకు గ్రీన్ పడగానే అందరితో పాటు నేరుగా కదలండి. ఒక సిగ్నల్ ఆలస్యమవుతుంది, అంతే.

ఆర్టీసీ బస్సు దగ్గర ఒకే నియమం: ఎడమ పక్కకు చేరకండి. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెడల్పుగా తిరిగినా వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. అంచుకూ బస్సుకూ మధ్య ఉన్న సందు మూసుకుపోతుంది. పైగా దిగేవాళ్ళు మీ మీదికే దిగుతారు. బస్టాపులో బస్సు ఆగితే దాని వెనక ఆగండి, లేదా సంజ్ఞ ఇచ్చి కుడివైపు నుంచి దాటండి. కుడి ఇండికేటర్ వెలిగిందంటే దాటే ప్రయత్నం వద్దు. డ్రైవర్ ముఖం అద్దంలో మీకు కనబడకపోతే మీరూ అతనికి కనబడనట్టే.

షేర్ ఆటోకు ఇండికేటర్ ఉంటుందన్న మాట మరిచిపోండి. దాని ఇండికేటర్ ఫుట్‌పాత్ మీద చేయెత్తిన మనిషి. ముందు ఆటో, ఆ ముందు చేయెత్తిన మనిషి కనబడితే ఆటో ఎడమకు కోసి ఆగుతుంది. కనీసం పది మీటర్ల ఎడం ఉంచండి. వానలో దాన్ని రెట్టింపు చేయండి. రిమ్ముకు పట్టే బ్రేకులైతే తడిసినప్పుడు మొదట నీళ్ళు తుడుచుకుంటాయి, ఆ తర్వాతే పడతాయి. మధ్యమధ్యలో మెల్లగా తాకిస్తూ ఉండండి.

రాంగ్ రూట్

హైదరాబాద్‌లో చాలా కూడళ్ళు మూసి యూ టర్న్‌లు పెట్టారు. అర కిలోమీటరు ముందుకు పోయి తిరిగి రావాలంటే బైకుకు రెండు నిమిషాలు, సైకిల్‌కు నాలుగు. అందుకే డివైడర్ పక్కనో, ఎడమ అంచునో ఎదురు తొక్కేవాళ్ళు ఎక్కువ. ఎదురుగా వచ్చేవాళ్ళను చూస్తూ పోతే క్షేమం అనుకుంటారు గానీ లెక్క ఇలా ఉంటుంది: మీరు 18లో, బైకు 40లో ఒకే దిక్కున పోతుంటే తేడా 22 కిలోమీటర్లు. ముప్ఫై మీటర్ల దూరం తరగడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఎదురెదురుగా అయితే 58, రెండు సెకన్లు కూడా ఉండదు. పైగా సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కే కారు డ్రైవర్ కుడివైపే చూస్తాడు, బండ్లు అటునుంచే రావాలి కాబట్టి. మీరు ఎడమ నుంచి వస్తున్నారు.

దీనికి మార్గం దిగడమే. జీబ్రా క్రాసింగ్ దగ్గర సైకిల్ దిగి తోసుకుంటూ దాటండి. తోసుకుంటూ నడిచినంతసేపు మీరు పాదచారులు. యూ టర్న్ కోసం మూడు లేన్లు దాటి కుడి అంచుకు పోవడం కన్నా ఇదే నయం.

కారు, బైకు నడిపేవాళ్ళకు నాలుగు మాటలు

దాటేటప్పుడు మీటరు నుంచి మీటరున్నర ఎడం ఇవ్వండి, అద్దంలో సైకిల్ పూర్తిగా కనబడ్డాకే ఎడమకు రండి. ముందున్న సైకిల్‌ను దాటి వెంటనే ఎడమకు తిరగాల్సి వస్తే దాటకండి, వెనకే ఉండి తిరగండి. హారన్ దూరం నుంచి ఒకసారి చాలు. వెనక చక్రం దగ్గరికి వచ్చి కొడితే ఉలిక్కిపడి మీ మీదికే వస్తారు. కారు తలుపును దూరంగా ఉన్న చేత్తో తీయండి, అంటే డ్రైవర్ ఎడమచేత్తో. ఒళ్ళు దానంతటదే వెనక్కి తిరిగి కళ్ళు రోడ్డు మీద పడతాయి. ఇంకో సంగతి: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో రెడ్ దాటడం, ఫోన్ చేతబట్టుకుని నడపడం, ఎదురు దిక్కున నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తాయి.

మాట పెరిగితే, దెబ్బ తగిలితే

మాట పెరిగితే సైకిల్ దిగకుండా ఎడమకు జరిగి ఆ బండిని ముందుకు పోనివ్వండి. వెంటపడి తర్వాతి సిగ్నల్ దగ్గర అద్దం మీద తట్టడం వల్ల ఒక్కటీ బాగుపడదు.

గుద్దుకుంటే ముందు రోడ్డు పక్కకు రండి, 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. బండి నంబరు, రెండు వాహనాలు ఉన్న తీరు, రోడ్డు మీది గుర్తులు ఫొటో తీయించండి. సాయపడినవాళ్ళు కేసుల్లో ఇరుక్కుంటామని భయపడుతుంటే, మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ వాళ్ళకు రక్షణ ఇస్తుందని చెప్పండి. ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదం అని రాయించండి, 'జారిపడ్డాడు' అని రాస్తే తర్వాత కష్టం.

సైకిల్‌కు ఇన్సూరెన్స్ లేకపోయినా, గుద్దిన బండికి తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్ పార్టీ పాలసీ కింద మీరు పరిహారం అడగవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలతో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయాలి, ఆరు నెలలు దాటనివ్వకండి. బండి ఆగకుండా పోయి, ఎవరిదో తెలియకపోతే 2022 ఏప్రిల్ నుంచి ఉన్న పథకం ప్రకారం తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇస్తారు. తప్పు మీదై ఎదుటి బండి దెబ్బతింటే ఆ ఖర్చు మీ జేబులోంచే. సైకిల్‌ను ఫొటోలు తీయకముందే రిపేరుకు ఇవ్వకండి. పెడల్ ఇరుసు అడుగున ఫ్రేమ్ నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని కొన్నరోజే ఫొటో తీసి బిల్లుతో పాటు దాచుకోండి.