ఇంటి మరమ్మతులు మనమే: 4వ పాఠం – కారే కుళాయికి వాషర్ మార్చడం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. రాత్రి పడుకునే ముందు నీళ్ల మీటర్ అంకెలు రాసుకుని, తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ చూడమన్నాను. పైన ట్యాంకు ఉంటే అది నిండాకే మొదలుపెట్టమన్నాను. రెండుసార్లూ ఒకే అంకె కనిపించిందా? అయితే మీకు ఈ వారం సెలవు. చదివి పక్కన పెట్టుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. తేడా వచ్చినవాళ్ల ఇంట్లో మాత్రం ఎక్కడో నీరు కారుతోంది. మీటర్ లేనివాళ్లు అందరూ పడుకున్నాక స్నానాలగదిలో, వంటగదిలో ఒక్క నిమిషం కదలకుండా నిలబడండి. చెవులే చెప్పేస్తాయి.

కారే కుళాయి దొరికాక, స్పానర్ పట్టుకునే ముందు ఒక లెక్క చూసుకోవాలి. దాని కింద ఒక గ్లాసు పెట్టి సరిగ్గా 15 నిమిషాలు వదిలేయండి. ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో కొలిచి 96తో గుణించండి, ఎందుకంటే రోజుకి 96 పావుగంటలు. 100 మిల్లీలీటర్లు పడ్డాయనుకోండి, రోజుకి 9.6 లీటర్లు. 30 రోజులకి 288 లీటర్లు. అది వేడినీళ్ల కుళాయి అయితే నీళ్లతో పాటు కరెంటూ పోతోంది. ఆ 288 లీటర్లని 30 డిగ్రీలు వేడెక్కించడానికి గీజర్ సుమారు 10 యూనిట్లు తింటుంది. అందుకే రెండు కుళాయిలు కారుతుంటే ముందు వేడినీళ్లదాని సంగతి చూడమంటాను.

ధరలు పెరిగినప్పుడు మనం ఖర్చు తగ్గించాలని కూరగాయల దగ్గర బేరమాడతాం, పేపర్లో కూపన్లు కత్తిరిస్తాం. గ్లాసులో పడుతున్న ఈ నీళ్లని మాత్రం పట్టించుకోం. "మనిషిని పిలవాలిలే" అనుకుంటూ వాయిదా వేస్తాం. పిలిస్తే అయ్యే ఖర్చులో వాషర్ ఖరీదు ఎంతో ఉండదు, మిగతాదంతా మనిషి వచ్చి వెళ్లినందుకే. ఆ వాయిదా రోజుల్లోనే ఇంట్లో అందరూ కుళాయిని ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా బిగిస్తారు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేది ఇక్కడే. ఎందుకో తెలియాలంటే కుళాయి లోపల ఏముందో చూడాలి.

నాలుగైదు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోని పాతరకం కుళాయి గురించే ఈ పాఠం. దాని పిడి కింద ఒక ఇత్తడి కడ్డీ ఉంటుంది. దాన్ని స్పిండిల్ అంటారు. పిడి తిప్పితే ఇది మరల మీద కిందికి దిగుతుంది. దాని చివర బిళ్లంత రబ్బరు ముక్క, అదే వాషర్. కుళాయి గర్భంలో నీళ్లు పైకొచ్చే గుండ్రటి రంధ్రం ఉంటుంది. దాని అంచుని సీటు అంటారు. వాషర్ వెళ్లి సీటు మీద కూర్చుంటే నీళ్లు ఆగుతాయి. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు. రబ్బరు ఏళ్ల తరబడి అదే అంచుకి నొక్కుకుని నొక్కుకుని గట్టిపడుతుంది, గాటు పడుతుంది. గాటులోంచి చుక్క జారుతుంది. మనం ఇంకా బిగిస్తే ఆ గాటు ఇంకా లోతవుతుంది. రబ్బరు పూర్తిగా తెగిపోతే లోహం లోహానికి రాసుకుని సీటు కూడా పాడవుతుంది.

మీ కుళాయి పావు చుట్టుకే తెరుచుకుంటోందా? దాని లోపల రబ్బరు వాషర్ బదులు నున్నటి సిరామిక్ బిళ్లలు రెండు ఉంటాయి. అవి పాడైతే ఆ బిళ్లలుండే లోపలి భాగం, అంటే కార్ట్రిజ్, మొత్తం మార్చాలి. దాని పాఠం వేరే.

ఇంకో తేడా కూడా గమనించండి. నీరు కుళాయి మూతి నుంచి కారితే జబ్బు వాషర్‌ది, లేదంటే సీటుది. కుళాయి తెరిచినప్పుడు పిడి కింద నుంచి ఊరుతుంటే వాషర్‌కి సంబంధం లేదు. పిడి తీశాక కడ్డీ చుట్టూ కనిపించే చిన్న నట్టుని పావు చుట్టులో సగం మాత్రమే బిగించి చూడండి. చాలాసార్లు అంతటితో ఆగుతుంది.

సామాన్ల సంగతి. చిన్న చక్రం తిప్పితే నోరు పెద్దదీ చిన్నదీ అయ్యే స్పానర్ ఒకటి, స్క్రూడ్రైవర్, పాత గుడ్డ, పాత టూత్‌బ్రష్. నలభై ముక్కలున్న టూల్ బాక్సులు తక్కువ ధరకి వస్తున్నాయని కొనకండి. వాటిలో ముప్పై ఐదు ముక్కలు డబ్బాలోనే తుప్పు పడతాయి. నా పద్ధతేమిటంటే, ఏ పనిముట్టయినా మొదటిసారి అరువు అడుగుతాను. రెండోసారి కూడా అవసరం పడితే అప్పుడు మంచిది కొంటాను. స్పానర్ విషయంలో ఆ నియమం నేనే తప్పాను, మొదటిరోజే కొన్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను కాబట్టి చెల్లిపోయింది.

ఇక పని. ముందు ఆ కుళాయికి నీళ్లొచ్చే వాల్వు కట్టేయాలి. వేడినీళ్లదైతే గీజర్ స్విచ్ కూడా ఆపేయాలి. కట్టేశాక కుళాయి తెరిచి చూడండి. ధార సన్నబడి, చుక్కలై, పూర్తిగా ఆగాలి. ఆగేదాకా స్పానర్ ముట్టుకోవద్దు.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు వాల్వు చక్రం తిరిగినన్ని చుట్లు తిప్పి, మూసేశాననుకున్నాను. దాని లోపలి పలక ఎప్పుడో విరిగిపోయింది, చక్రం ఊరికే తిరుగుతోంది. కుళాయి తల ఊడదీయగానే నీళ్లు పైకప్పుకి తగిలాయి. నేను బొటనవేలితో రంధ్రం నొక్కిపట్టుకుని అరుస్తుంటే, ఇంట్లోవాళ్లు ట్యాంకు దగ్గరికి పరిగెత్తి అక్కడి వాల్వు కట్టారు. ఆ పది నిమిషాల్లో పోయిన నీళ్లు ఆ కుళాయి ఎన్ని రోజులు కారితే పోయేవో నేను లెక్క కట్టలేదు, కట్టే ధైర్యం లేక.

నీళ్లు ఆగాక సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి. స్క్రూ జారి అందులో పడితే ఈ పాఠం కాస్తా పైపులు విప్పే పాఠం అవుతుంది. పిడి మీద చిన్న మూత ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్ కొసతో లేపితే కింద స్క్రూ కనిపిస్తుంది. అది తీసి పిడిని పైకి లాగండి. రాకపోతే సుత్తి పట్టుకోకండి. అటూ ఇటూ కుదుపుతూ లాగితే వస్తుంది. లోపల తెల్లగా సున్నంలా పేరుకుని ఉంటే కాస్త వెనిగర్ పోసి అరగంట ఆగండి, అది కరుగుతుంది.

పిడి కింద కనిపించే ఆరు పలకల పెద్ద నట్టుకి స్పానర్ పట్టించి ఎడమకి తిప్పాలి. ఇక్కడ రెండో చెయ్యి చాలా ముఖ్యం. ఆ చేత్తో కుళాయి ఒంటిని గట్టిగా పట్టుకోకపోతే నట్టుకి బదులు కుళాయే గోడలో తిరుగుతుంది. గోడలోపల పైపు చిట్లితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. గట్టిగా లాగినా కదలకపోతే, లేదా పైపు కదులుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపేసి మనిషిని పిలవండి. అలా పిలిస్తే డబ్బు దండగేం కాదు. గోడ పగలగొట్టించే ఖర్చు తప్పుతుంది.

నట్టు ఊడాక మొత్తం తల చేతిలోకి వస్తుంది. తిరగేసి చూడండి, చివర నల్లటి వాషర్ ఉంటుంది. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే సీటు అచ్చు గుండ్రంగా దిగబడి కనిపిస్తుంది. వేలితో రాస్తే గోరు ఆ గాడిలో ఆగుతుంది. ఒకచోట గాడి తెగి బయటికి దారి చేసుకుని ఉంటుంది చూడండి. మీకు రాత్రిళ్లు వినిపించిన చప్పుడంతా ఆ దారిలోంచి వచ్చిందే.

పాత వాషర్ తీసి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. "అర అంగుళం కుళాయిది" అని నోటితో చెప్పి తెచ్చుకుంటే మందంలోనో మధ్య రంధ్రంలోనో తేడా వస్తుంది. పాతది చూపిస్తే ఆ గొడవ ఉండదు. నాలుగైదు తెచ్చుకోండి, ఇంట్లో ఉన్న మిగతా కుళాయిలూ ఇదే వయసువి. దుకాణం మూసేసి ఉంటే పాతదాన్నే తిరగేసి, నున్నగా ఉన్న వైపు కిందికి పెట్టి బిగించండి. కొన్నాళ్లు ఆపుతుంది.

ఈలోగా సీటు మీద వేలు పెట్టి చుట్టూ తడమండి. నున్నగా ఉంటే మంచిదే. వేలికి గరుకుగా, పళ్లుపళ్లుగా తగిలితే కొత్త వాషర్‌ని కూడా అది త్వరలోనే కోసేస్తుంది. దాన్ని అరగదీసి నున్నగా చేసే పనిముట్టు వేరే ఉంది, అది కొనాల్సిన అవసరం మనలాంటివాళ్లకి రాదు.

కొత్త వాషర్ పెట్టాక, తల తిరిగి బిగించే ముందు స్పిండిల్‌ని తెరిచిన స్థితికి తిప్పి ఉంచండి. మర్చిపోతే వాషర్ ముందే వెళ్లి సీటుకి ఆనుకుంటుంది, ఆపైన బిగించేకొద్దీ నలుగుతుంది. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి. సాఫీగా పోవాలి. పట్టేస్తే మరలు వంకరగా ఎక్కుతున్నట్టే, తీసి మళ్లీ పెట్టండి. చివర్లో స్పానర్‌తో కొద్దిగా బిగిస్తే చాలు, కండబలం చూపించొద్దు.

ఇప్పుడు కుళాయి తెరిచే ఉంచి వాల్వుని నెమ్మదిగా వదలండి. ముందు గాలి తుపుక్ తుపుక్‌మని వస్తుంది, తర్వాత ధార కుదురుకుంటుంది. అప్పుడు రెండు వేళ్లతో పిడి తిప్పి ఆపండి. రెండు వేళ్లకే ఆగిపోతే పని బాగా కుదిరినట్టు. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. లేకపోతే పాత అలవాటుతో బిగించి, కొత్త వాషర్‌కీ మళ్లీ గాటు పెడతారు.

గ్లాసు మళ్లీ కింద పెట్టి 15 నిమిషాలు చూడండి. ముందు కొలిచిన అంకె పక్కనే ఈ అంకె కూడా నోటుబుక్కులో రాసుకోండి.

వచ్చే పాఠానికి పని: టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు మూత తీసి, నీళ్లలో ఆహారంలో వాడే రంగు నాలుగు చుక్కలు వేయండి. అరగంటసేపు ఎవరినీ ఫ్లష్ చేయనివ్వొద్దు. తర్వాత కింద గిన్నెలోని నీళ్లు చూడండి. రంగు దిగిందో లేదో, దిగితే ఎన్ని నిమిషాలకి కనిపించిందో రాసి పెట్టుకోండి. ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూతతో అయిదో పాఠం మొదలుపెడదాం.