బీమా కంపెనీ కొనుగోలు: డ్యూ డిలిజెన్స్ ఫైళ్లు ఎలా సర్దాలి?

బీమా కంపెనీకి అసలు అప్పు బ్యాంకు దగ్గర ఉండదు, ఇంకా ఆఫీసు గడప తొక్కని క్లెయిముల్లో ఉంటుంది. డ్యూ డిలిజెన్స్ అంటే కొనేవాళ్లు కొనేముందు కాగితాలన్నీ పరిశీలించడం. అందుకే ఆ కాగితాలు పెట్టే డేటా రూమ్‌లో యాక్చువరీ (క్లెయిముల భారాన్ని లెక్కగట్టే నిపుణుడు) రిపోర్టు, క్లెయిము ఫైళ్లు, రీఇన్సూరెన్స్ ట్రీటీలు (రిస్కులో కొంత వేరే బీమా సంస్థలకు అప్పగించే ఒప్పందాలు) ఒకదానికొకటి లెక్క కుదరాలి. మిగతా ఫోల్డర్లలో లోటుపాట్లుంటే తర్వాత సర్దుకోవచ్చు. ఇక్కడ తేడా వస్తే నేరుగా ధర మీద పడుతుంది. చెన్నైలోని ఒక జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసు అమ్మకానికి సిద్ధమవుతోందనుకుని వరసగా చూద్దాం.

1. కటాఫ్ తేదీ ఖాయం చేయండి
మార్చి 31 గానీ, ఏదైనా క్వార్టర్ చివరి రోజు గానీ పెట్టుకోండి. యాక్చువరీ మార్చి అంకెలిచ్చి, క్లెయిమ్స్ విభాగం నిన్న సాయంత్రం సిస్టమ్‌లోంచి తీసిన లిస్టు ఇస్తే రెండూ నిజమే అయినా కలవవు. ప్రతి ఫైలు పేరులో ఇండెక్స్ నంబరు, విషయం, తేదీ ఉండాలి: "04.02_మోటార్ టీపీ పెండింగ్_2025-03-31". "ఫైనల్", "కొత్త ఫైనల్" అనే పేర్లు పెట్టనివ్వకండి.

2. ఫోల్డర్ల వరస
కంపెనీ రికార్డులు, ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఉత్తరప్రత్యుత్తరాలు, యాక్చువరీ, క్లెయిములు, రీఇన్సూరెన్స్, ప్రొడక్టులు, పెట్టుబడులు, పన్నులు, ఏజెంట్లు–బ్రోకర్లు, ఐటీ, ఉద్యోగులు, కోర్టు కేసులు. పన్నెండు చాలు. ప్రొడక్టులను మార్కెటింగ్ పేర్లతో కాకుండా యూఐఎన్ నంబరుతో (ప్రతి ప్రొడక్టుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పెట్టండి. ఒకే పేరు మీద రెండు మూడు వెర్షన్లు ఉండటం మామూలే.

3. క్లెయిములు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి
గత పదేళ్ల ట్రయాంగిళ్లు (ప్రమాదం జరిగిన ఏడాది వారీగా క్లెయిముల మొత్తం ఏటేటా ఎలా పెరిగిందో చూపే పట్టికలు) నాలుగు కావాలి. చెల్లించిన మొత్తాలకు ఒకటి, పెండింగ్ కూడా కలిపి ఒకటి. ఆ రెండూ రీఇన్సూరెన్స్ తీసేయకముందు, తీసేశాక. మోటార్ థర్డ్ పార్టీకి (టీపీ, అంటే వాహనం వల్ల బయటివాళ్లకు జరిగిన నష్టం) విడిగా చేయండి. 2019లో ప్రమాదం జరిగి, 2023లో ట్రిబ్యునల్ నోటీసు అందిన కేసు 2019 వరుసలోనే ఉండాలి. నోటీసు అందిన ఏడాదిలో వేస్తే పాత సంవత్సరాలు క్లెయిములు ముగిసిపోయినట్టు కనబడతాయి, ఐబీఎన్ఆర్ (జరిగినా ఇంకా కంపెనీకి చేరని క్లెయిముల అంచనా) తక్కువ తేలుతుంది. పెండింగ్ క్లెయిముల లిస్టు కూడితే వచ్చే మొత్తం బ్యాలెన్స్ షీటులోని పెండింగ్ అంకెకు రూపాయితో సహా సరిపోవాలి. సరిపోకపోతే తేడాకు కారణం రాసిన ఒక పేజీ పక్కనే పెట్టండి.

పెద్ద క్లెయిములకు పూర్తి ఫైలు ఇవ్వాలి: పాలసీ, ఎఫ్‌ఐఆర్, సర్వేయర్ రిపోర్టు, వకీలు అభిప్రాయం, తీర్పు, వడ్డీ లెక్క. రిజర్వులో (క్లెయిము చెల్లించడానికి పక్కన పెట్టే మొత్తంలో) అసలు మాత్రమే వేసి వడ్డీ మరిచిపోవడం తరచూ జరుగుతుంది. ఇంకో చిక్కు భాష. చెన్నై ఆఫీసులో నెల్లూరు, తిరుపతి ఫైళ్లకు ఎఫ్‌ఐఆర్ తెలుగులో, కాంచీపురం ఫైళ్లకు తమిళంలో ఉంటుంది. అసలు కాగితం వెంటే ఇంగ్లిష్ అనువాదాన్ని అదే నంబరుతో పెట్టండి. విడి ఫోల్డర్‌లో పడేస్తే ఏది దేనిదో ఎవరికీ తెలియదు.

4. రీఇన్సూరెన్స్
ఏడాదికో ఫోల్డర్. ప్రతి ట్రీటీలో రీఇన్సూరర్ల వాటాలన్నీ కూడితే నూరు శాతం రావాలి, ప్రతి వాటాకూ సంతకం పేజీ ఉండాలి. తరచూ తప్పిపోయేది ఆ పేజీయే. అది దొరకకపోతే ఆ వాటా వసూలవుతుందని కొనేవాళ్లు నమ్మరు. యాజమాన్యం మారితే ట్రీటీ రద్దు చేసుకోవచ్చన్న షరతులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక షీటులో రాయండి. ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీ రీకి తప్పనిసరిగా ఇచ్చే వాటా 2022 ఏప్రిల్ నుంచి 5 శాతం నుంచి 4కు తగ్గింది కాబట్టి పాత ఏళ్లకు కొత్త శాతం వేయకండి.

5. అనుమతుల కాగితాలు
షేర్ల బదిలీకి 1938 బీమా చట్టం సెక్షన్ 6ఏ, విలీనానికి సెక్షన్ 35. రెండూ వేరు దారులు, రెండు సెట్లు చేయండి. బెంగళూరు కేంద్రంగా నడిచిన ఎక్సైడ్ లైఫ్‌ను హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్ 2022 జనవరి 1న కొన్నా, విలీనం అక్టోబరులో గానీ పూర్తి కాలేదు. సాల్వెన్సీ నిష్పత్తి (ఉండాల్సిన మూలధనంతో పోలిస్తే నిజంగా ఉన్నది) ఏ క్వార్టర్‌లోనూ 150 శాతం కన్నా తగ్గలేదని చూపే రిటర్నులు కూడా ఇక్కడే ఉంచండి. తగ్గి ఉంటే ఐఆర్‌డీఏఐతో నడిచిన ఉత్తరాలన్నీ పెట్టండి. దాచినది బయటపడితే మిగతా ఫైళ్ల మీదా నమ్మకం పోతుంది.

6. వ్యక్తిగత వివరాలు
ఆసుపత్రి రికార్డులు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు చెరిపేశాకే అప్‌లోడ్ చేయండి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీస్తే సరిపోదు. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట పేస్టు చేస్తే చదవొచ్చు. చెరిపిన పేజీని బొమ్మగా మార్చి, వెతికి చూసి, అప్పుడు పెట్టండి. కొనేది పోటీ కంపెనీ అయితే ప్రీమియం రేట్లు, బ్రోకర్ కమీషన్లు వాళ్ల సేల్స్ వాళ్ల కంట పడకూడదు. బయటి సలహాదారులకు మాత్రమే తెరుచుకునే ఫోల్డర్ కావాలి.

7. ప్రశ్నలు, చివరి కాపీ
ప్రతి ప్రశ్నకూ నంబరు, జవాబిచ్చిన వ్యక్తి పేరు, ఆధారమైన ఫైలు నంబరు ఒకే రిజిస్టర్‌లో రాయండి. ఫోన్‌లో చెప్పిన జవాబు కూడా అందులోకి ఎక్కాలి. ఒప్పందం మీద సంతకాలకు ముందురోజు డేటా రూమ్ మూసేసి, మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేసి, రెండు పక్షాల వకీళ్లకూ చెరొకటి సీలు వేసి ఇవ్వండి. ఆ తర్వాత ఏ ఫైలూ మార్చకండి. కొత్త కాగితం దొరికితే విడిగా, తేదీ వేసి పంపండి.