ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్ర: ఇంటికి పంపేముందు నేను చెప్పేవి

నేను సర్జికల్ వార్డులో నర్సుని. డిశ్చార్జ్ అయ్యేవాళ్లకు ముందుగా ఒక పని చెబుతాను: ఇంటికెళ్లగానే ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసి ఒకచోట పెట్టండి. తలనొప్పివి, జలుబువి, నడుం నొప్పికి ఎప్పుడో రాసినవి, అన్నీ. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మందు అసలు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, కీటోరోలాక్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఒకే జాతి మందులు. డాక్టర్ వీటిలో ఒకటి రాస్తే రెండోది వేసుకోకూడదు.

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన మేమిచ్చిన మాత్రతో పాటు ఇంట్లో ఉన్న పాత మాత్ర కూడా వేసుకున్నారు. నల్లటి విరేచనాలతో మళ్లీ వార్డుకొచ్చారు. ఆయన్ని ఏమనగలం? రెండు షీట్ల మీదా పేర్లు వేరు, లోపల ఉన్నది ఒకే రకం మందు. వాపునీ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను ఈ మందులు ఒంట్లో తగ్గిస్తాయి. కడుపు లోపలి పొరను కాపాడేది, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే రెండు రకాలు కలిపితే నొప్పి పెద్దగా తగ్గదు కానీ పుండ్లు, రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది.

పారాసెటమాల్ వేరే రకం. చాలామందికి డాక్టర్లు దాన్ని తోడుగా రాస్తారు. అయితే రెండూ కలిపిన మాత్రలూ ఉంటాయి, చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా పారాసెటమాల్ మొత్తం రోజుకు 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బున్నా, మనిషి బాగా బక్కగా ఉన్నా ఇంకా తక్కువే.

భయపడి అసలు మాత్రే వేసుకోనివాళ్లను చూసినా నాకు బాధగానే ఉంటుంది. నొప్పికి కదలరు, గట్టిగా దగ్గరు, లోతుగా ఊపిరి తీసుకోరు. దాంతో ఛాతీలో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి మొదటి రోజుల్లో నొప్పి ముదిరేదాకా ఆగకుండా, రాసిన టైముకే వేసుకోండి. నొప్పి తగ్గాక మాత్రం, డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప, షీటు అయిపోయేదాకా వాడాల్సిన పని లేదు. ఇది యాంటీబయోటిక్ కాదు. కీటోరోలాక్ అయితే ఇంజెక్షన్లతో కలిపి 5 రోజులు మించకూడదు.

తిన్న తర్వాత, గ్లాసు నిండా నీళ్లతో మింగండి. పైన ప్రత్యేకమైన పూత ఉన్న మాత్రను విరవకండి, నలపకండి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకండి. వాంతులో విరేచనాలో పట్టుకుని నీళ్లు నిలవకపోతే మాత్ర ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు ఈ మందును తట్టుకోలేవు.

అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా, గర్భం ఉంటే మొదటి మాత్రకు ముందే చెప్పాలి. రక్తం పల్చబడే మందులు, బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడుతున్నా అంతే. గుండెకు రోజూ వేసుకునే ఆస్పిరిన్‌ని మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

ఇంకో సంగతి. ఈ మాత్ర జ్వరాన్ని కూడా తగ్గిస్తుంది. జ్వరం లేదు కదా అని కుట్ల సంగతి వదిలేయకండి. డాక్టర్ చెప్పినట్టు కట్టు విప్పినప్పుడల్లా ఎరుపు, వేడి, చీము, వాసన ఉన్నాయేమో చూడండి.

విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, మూత్రం బాగా తగ్గినా, ముఖం వాచినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా రేపటిదాకా ఆగొద్దు. మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వేసుకుంటున్న షీట్లన్నీ వెంట పట్టుకెళ్లండి.