మసాచుసెట్స్ తొలి వలసదారుడి జాడ తీయడం

అమెరికాలోని మసాచుసెట్స్‌కు మీ వంశంలో మొదట వలస వచ్చిన మనిషిని వెతుకుతుంటే, ఇంగ్లండ్ నుంచి వలసదారులను తెచ్చిన మేఫ్లవర్ ఓడతో మొదలుపెట్టకండి. 1620లో ఆ ఓడలో వచ్చింది 102 మంది, అందులో దాదాపు సగం మంది తొలి చలికాలమే దాటలేదు. మీకు కచ్చితంగా తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి. "ఫలానావాడి కొడుకు ఫలానా" అని చెప్పే కాగితం దొరికాకే ముందుకు కదలాలి.

వెనక్కి వెళ్తూ 1850 వరకూ అమెరికా జనాభా లెక్కలు దారి చూపిస్తాయి. బానిసలు కాని ప్రతి ఒక్కరి పేరూ మొదటిసారి రాసింది ఆ ఏడాదే. అంతకుముందు ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు అంకెలే. ఇంటి పెద్దకు ఎవరేమవుతారో రాయడం 1880లోగాని మొదలవలేదు కాబట్టి, 1850 ఇంట్లో కనిపించే కుర్రాడు మేనల్లుడైనా కావచ్చు.

ఆ వెనక ఊరి పుస్తకాలు. మసాచుసెట్స్ ఊళ్ళు 17వ శతాబ్దం నుంచే జనన, వివాహ, మరణాలు రాసిపెట్టాయి. చాలా ఊళ్ళవి, 1850 దాకా ఉన్న నమోదులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. ఒకే తల్లిదండ్రుల పిల్లలందరినీ తేదీల వరసలో ఒక కాగితం మీద రాసుకోండి. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. ఇది చూసుకోకపోతే చనిపోయిన పిల్లాడికి పెళ్ళి చేసేస్తారు.

అసలు బంగారం వీలునామాల్లో ఉంది. వీలునామా లేకపోయినా ఆస్తి పంపకం కాగితాలు వెతకండి. పెద్దకొడుక్కి రెండు వాటాలు, మిగతావాళ్ళకు తలా ఒకటి వెళ్ళేవి. పెళ్ళయిన కూతుళ్ళు భర్తల పేర్లతో సహా కనిపిస్తారు. వీలునామాలో పేరు లేనంతమాత్రాన కొడుకు కాడనుకోవద్దు, ముందే పొలం రాసిచ్చి ఉండొచ్చు. అందుకే భూమి దస్తావేజులు కూడా చూడాలి. మసాచుసెట్స్‌లో అవి కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉంటాయి, పక్క రాష్ట్రం కనెటికట్‌లో ఊళ్ళోనే. వూస్టర్ కౌంటీ ఏర్పడింది 1731లో. అంతకుముందటి కాగితాలు మిడిల్‌సెక్స్, సఫోక్, హ్యాంప్‌షైర్ కౌంటీల్లో వెతకాలి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశ రికార్డుల వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే వీటిలో చాలావాటి ఫొటోలు చూడొచ్చు.

మాటల అర్థాలు మోసం చేస్తాయి. "సన్ ఇన్ లా" అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి పెళ్ళి కొడుకు కూడా. "కజిన్" అంటే తరచు తోబుట్టువు కొడుకో కూతురో. "సీనియర్, జూనియర్" అంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అంతే.

తేదీలు మరీ జాగ్రత్త. మనకు ఉగాదిలా వాళ్ళకు 1752కు ముందు మార్చి 25న ఏడాది మారేది. అందుకే "ఫిబ్రవరి 10, 1703/4" అని కనిపిస్తే అది మన లెక్కలో 1704. "మొదటి నెల" అని రాస్తే మార్చి, జనవరి కాదు. దొరికింది దొరికినట్టే రాసుకోండి, సవరణ పక్కన వేరుగా పెట్టుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది సముద్రం దాటే చోటే. 1820కు ముందు క్రమం తప్పని ప్రయాణికుల జాబితాలు లేవు. ఇంగ్లండ్‌లో ఒక పల్లె చర్చిలో అదే పేరు, ఇంచుమించు అదే వయసు దొరికితే చాలదు. ఆ పిల్లాడు అక్కడే చనిపోయాడేమో, అక్కడే పెళ్ళి చేసుకున్నాడేమో ముందు చూడండి. న్యూ ఇంగ్లండ్‌లో (మసాచుసెట్స్, కనెటికట్ ఉన్న ప్రాంతం) ఉన్న కొడుకును ప్రస్తావించే ఇంగ్లండ్ వీలునామా దొరికితే అది గట్టి రుజువు. ఆ రుజువు దొరకనంత కాలం వంశవృక్షంలో ఆ గడి ఖాళీగా ఉంచండి. డబ్బు తీసుకుని దొంగ వంశావళులు అల్లిన గుస్తావ్ అంజూ రాతలు ఇప్పటికీ ఎన్నో కుటుంబ పుస్తకాల్లో అలాంటి ఖాళీ గడుల్లోనే కూర్చుని ఉన్నాయి.