చేర్యాల పటం గీయించుకోవడం ఎలా?

చేర్యాల పటమంటే బట్ట మీద గడి గడిగా కథ చెప్పే బొమ్మ. గృహప్రవేశానికో, అమ్మానాన్నల షష్టిపూర్తికో సొంత కథతో చేర్యాల పటం గీయించుకునేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఎక్కువమంది చేసే పని ఒకటే. వాట్సాప్‌లో ఫ్యామిలీ ఫొటో పంపి "ఇది చేర్యాల స్టైల్లో కావాలి" అంటారు. తీరా పటం వచ్చాక "మా నాన్నలా లేదు" అని గొడవ. ఉండదు మరి! ఈ బొమ్మల్లో మనిషిని గుర్తుపట్టేది ముఖాన్ని బట్టి కాదు, తలపాగాను బట్టి, చేతిలోని వస్తువును బట్టి.

ముందు చేర్యాల వెళ్లండి. సిద్దిపేట జిల్లాలోనే ఉంది, హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఈ పటాలు గీసే నకాషీల ఇంట్లో కూర్చుని మాట్లాడండి. ఎగ్జిబిషన్ స్టాల్లో ఆర్డర్ ఇస్తే అమ్మేవాడికీ గీసేవాడికీ మధ్య మీ కథ సగం రాలిపోతుంది.

సైజు, ధర, తేదీ కాగితం మీద రాసుకోండి. సగం అడ్వాన్స్ ఇవ్వండి, బేరం వద్దు. బట్ట ఖద్దరే కావాలి. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూత పూస్తారు. బొమ్మల వెనక నేల రంగు ఎరుపే. సోఫాకు మ్యాచ్ అయ్యే లేత నీలం కావాలనుకునేవాళ్లు వాల్‌పేపర్ కొనుక్కోవడం మంచిది.

తర్వాత కథ. పూర్వం ఈ పటాలు గీయించింది ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్లే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు తమ కథ ఏ వరుసలో నడవాలో నకాషీకి చెప్పి, గజాల కొద్దీ పటం రాయించుకునేవాళ్లు. మీరూ అలాగే చెప్పండి. నాలుగు గళ్లు చాలు. ఒక్కో గడిలో ఎవరు, ఏం చేస్తున్నారు, చేతిలో ఏముంది, అంతే.

ఇక అసలు చిక్కు రఫ్ గీత దగ్గర. బట్ట మీద గీతలు వేశాక నకాషీ ఫోన్ చేస్తాడు. ఆ రోజు ఏ పనున్నా మానుకుని వెళ్లండి. ఎందుకంటే ఆ తర్వాత బొమ్మల చుట్టూ ఎరుపు నింపుతారు. ఎరుపు పడ్డాక "ఇక్కడ మా అత్తమ్మను కూడా పెట్టండి" అంటే కుదరదు. దాని మీద వేరే రంగు వేసినా కింది ఎరుపు తొంగిచూస్తుంది.

ఫొటో పంపమని మాత్రం అడగొద్దు. మొదటిసారి నేను బస్సులో ఉండి ఫోన్లో చూసి "ఓకే అన్నా" అనేశాను. మా తాత జీవితమంతా ఈత చెట్లకు కల్లు గీసిన మనిషి. పటంలో తాటిచెట్టు ఎక్కి కూర్చున్నాడు. తప్పు నాదే, నేను "కల్లు గీస్తాడు" అన్నానే తప్ప ఏ చెట్టో చెప్పలేదు. మా బాబాయి ఇప్పటికీ ఆ పటం ముందు నిలబడి ఎవరీయన అని అడుగుతాడు.

కాబట్టి బట్ట ముందు కూర్చుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి, కథ మీరే పైకి చెప్పండి. ఎక్కడ మీ నోరు తడబడిందో అక్కడ బొమ్మ తప్పినట్టు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వెంట తీసుకెళ్లండి. నాగలి ఎలా పట్టుకుంటారో, బతుకమ్మ ఎత్తుకునేటప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో వాళ్లకే తెలుసు. మార్పులన్నీ ఆ పూటే చెప్పేయాలి. రంగులు పడుతుంటే రోజూ ఫోన్ చేసి విసిగించొద్దు. చివర నల్లగీతలు వేసేదాకా ముఖాలు బోసిగానే ఉంటాయి, టెన్షన్ పడకండి.

పటం చేతికొచ్చాక మడతపెట్టొద్దు, చాపలా చుట్టండి. మడిస్తే పూత పగులుతుంది. అద్దం వేయించి, ఎండా చెమ్మా తగలని గోడకు పెట్టండి.