ఇంజినీరింగ్ చదువుకు డబ్బు: వెబ్ ఆప్షన్లకు ముందే వేసుకోవలసిన లెక్క

ఎప్‌సెట్ ర్యాంకు చేతికందిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ఏ కాలేజీలో సీటు వస్తుందనే. ఆ కాలేజీలో నాలుగేళ్లకు మొత్తం ఎంతవుతుంది, అందులో తిరిగి కట్టనక్కర్లేని సొమ్ము ఎంత, అప్పు తేవలసింది ఎంత అన్న ఆలోచన సీటు ఖరారయ్యాక, ఫీజు కట్టే గడువు రెండు మూడు రోజులే మిగిలినప్పుడు మొదలవుతుంది. ఇంటర్ విద్యార్థులకు పాఠాలు చెబుతూ, ప్రతి వేసవిలోనూ వారి దరఖాస్తులు నింపడంలో తోడుంటూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను, ఈ లెక్క వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్ వెబ్‌సైటులో మనం కోరుకునే కాలేజీల వరుస) పెట్టకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవలసినది. ఆప్షన్ల వరుసలో ఒక కాలేజీ పేరును పైకో కిందికో జరపడం వల్ల అయిదు లక్షల అప్పు తప్పిపోయే సందర్భాలు ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణలో బీసీ కుటుంబానికి చెందిన అబ్బాయికి నలభై వేల దరిదాపుల్లో ర్యాంకు వచ్చిందనుకోండి. అక్కడ పదివేల లోపు ర్యాంకు తెచ్చుకున్న అర్హులకు పూర్తి ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే చెల్లిస్తుంది, దీన్నే ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటారు. ఆ పై ర్యాంకుల్లో ఉన్న బీసీ, ఈబీసీ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడిన) విద్యార్థులకు ఏడాదికి 35,000 రూపాయల వరకే వస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా పూర్తి ఫీజు వర్తిస్తుంది. మన అబ్బాయికి నగరంలో 1,10,000 ఫీజున్న కాలేజీ, సొంత జిల్లాలో 45,000 ఫీజున్న కాలేజీ రెండూ అందుబాటులో ఉన్నాయి. మొదటిదానిలో రీయింబర్స్‌మెంట్ పోగా ఏటా 75,000 చొప్పున నాలుగేళ్లకు మూడు లక్షలు, హాస్టల్‌కూ మెస్‌కూ ఏటా 90,000 చొప్పున మరో 3,60,000, మొత్తం 6,60,000 అవుతుంది. రెండోదానిలో ఏటా 10,000 చొప్పున 40,000, ఇంటి నుంచే వెళ్లివస్తే బస్సుకు ఏటా 30,000 చొప్పున 1,20,000, మొత్తం 1,60,000 అవుతుంది. తేడా సరిగ్గా అయిదు లక్షలు. నగరంలోని కాలేజీ ఆ అయిదు లక్షలకు తగినదే కావచ్చు, కాకపోవచ్చు, కానీ ఆ తేడా తెలిసి నిర్ణయించుకోవడం వేరు, తెలియక చేరిపోవడం వేరు.

ఈ లెక్కలో ట్యూషన్ ఫీజును కాలేజీ ప్రకటన చూసి వేసుకోకూడదు. ప్రైవేటు కాలేజీల ఫీజులను తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ నిర్ణయిస్తాయి. కౌన్సెలింగ్ వెబ్‌సైటులో కాలేజీవారీగా కనిపించేది ఆ ఫీజే. హాస్టల్, మెస్, బస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఖర్చులు ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లోకి రావు. యాజమాన్యం సొంతంగా భర్తీ చేసుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి రీయింబర్స్‌మెంటే ఉండదు. కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అయ్యే కన్వీనర్ కోటాలో కోరిన బ్రాంచి రాలేదని అదే కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కునేవారు ఈ సంగతిని మరచిపోతున్నారు.

ఆదాయ పరిమితుల విషయంలో రెండు రాష్ట్రాల నిబంధనలు వేరు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాదికి రెండు లక్షలు, బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు పరిమితిగా ఉంటూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన అనే రీయింబర్స్‌మెంట్ పథకం కింద రెండున్నర లక్షల పరిమితితో పాటు భూమి, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను చెల్లింపు వంటి షరతులు కూడా పెట్టారు. ఆ పథకంలో ఫీజు సొమ్ము కొంతకాలం తల్లి ఖాతాలో పడేది. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత నేరుగా కాలేజీకే చెల్లించే పద్ధతికి మళ్లారు. ఇలాంటి నిబంధనలు ఏటా సవరణకు లోనవుతాయి కనుక దరఖాస్తు చేసే ముందు, తెలంగాణవారు ఈపాస్ వెబ్‌సైటులోనూ, ఆంధ్రప్రదేశ్‌వారు జ్ఞానభూమి వెబ్‌సైటులోనూ ఆ ఏటి ప్రకటనను ఒకసారి చదవాలి.

ఇక్కడ చాలామంది ఓసీ కుటుంబాలవారు పొరపడే చోటు ఒకటుంది. ఎనిమిది లక్షల లోపు ఆదాయానికి తహసీల్దారు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్ పది శాతం సీట్ల రిజర్వేషన్‌కు పనికివస్తుంది. అది చేతిలో ఉన్నంత మాత్రాన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. రీయింబర్స్‌మెంట్‌కు ఈబీసీ ఆదాయ పరిమితి వేరు, దానికి ఇవ్వవలసిన ఆదాయ ధ్రువపత్రం వేరు. రెండూ ఒకటేననుకుని సీటు తీసుకున్నాక, అలాట్‌మెంట్ ఆర్డరులో కట్టవలసిన మొత్తం చూసి కంగుతిన్న తల్లిదండ్రులను నేను చూశాను.

కాగితాల సంగతికి వస్తే, అర్హత ఉండి కూడా డబ్బు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. తెలంగాణ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయిన ఆదాయ ధ్రువపత్రాన్ని అడుగుతారు, కాబట్టి మీసేవలో దరఖాస్తు ఇంటర్ పరీక్షలు ముగిసిన వారంలోనే పెట్టేయాలి. ఫలితాల తర్వాత తహసీల్దారు కార్యాలయాల ముందు బారులు తీరతాయి. తర్వాత పదో తరగతి మెమోనూ ఆధార్ కార్డునూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూడాలి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉండడం, పుట్టిన తేదీలో ఒక అంకె మారడం మన దగ్గర మామూలే. స్కాలర్‌షిప్ పోర్టల్ ఆ తేడాను ఒప్పుకోదు. ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించడమే తేలికైన మార్గం.

బ్యాంకు ఖాతా గురించి ఒక అనుభవం చెప్పాలి. మా విద్యార్థిని ఒకామెకు ట్యూషన్ ఫీజుతో కాక విడిగా ఇచ్చే మెస్ ఛార్జీల సొమ్ము మంజూరైనట్టు పోర్టల్‌లో కనిపించింది, పాస్‌బుక్‌లో మాత్రం పడలేదు. రెండు నెలలు బ్యాంకు చుట్టూ తిరిగాక తేలిందేమిటంటే, ఆమె చిన్నప్పుడు వేరే బ్యాంకులో తెరిచిన ఖాతా ఆధార్‌కు అనుసంధానమై ఉంది, ప్రభుత్వం పంపిన సొమ్ము ఆ వాడకంలో లేని ఖాతాకు వెళ్లింది. ఆధార్ ఆధారిత చెల్లింపులు దరఖాస్తులో రాసిన ఖాతాకు కాక, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ వద్ద ఆధార్‌తో చివరగా ముడిపడిన ఖాతాకు వెళతాయి. అందుచేత దరఖాస్తుకు ముందే బ్యాంకులో అడిగి, ఏ ఖాతా ముడిపడి ఉందో చూసుకోవాలి.

రీయింబర్స్‌మెంట్ సొమ్ము సకాలంలో విడుదల కాదన్నది ఈ లెక్కలో తప్పక చేర్చుకోవలసిన వాస్తవం. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయి కాలేజీల యాజమాన్యాలు ఆందోళనకు దిగిన సందర్భాలు ఉన్నాయి. ఆ భారాన్ని కొన్ని కాలేజీలు విద్యార్థుల మీదికి నెట్టి, ప్రభుత్వం నుంచి వచ్చాక తిరిగి ఇస్తామంటూ ముందుగా కట్టించుకుంటున్నాయి, కట్టలేనివారి సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా ముందు జాగ్రత్తగా కట్టిన ప్రతి రూపాయికీ, అది ట్యూషన్ ఫీజు కింద కట్టినదేనని రాసి ఉన్న రసీదు తీసుకుని భద్రపరచాలి. హాజరు 75 శాతానికి తగ్గితే ఆ ఏటి అర్హతే పోతుంది, రెన్యువల్ దరఖాస్తు కూడా ఏటా పెట్టవలసిందే.

రీయింబర్స్‌మెంట్ అందని కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, అవి మన పల్లెల్లో తగినంతగా తెలియకపోవడం బాధాకరం. అమ్మాయిలకు సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే చాలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హులు, ఎంపిక మార్కుల ప్రకారం జరుగుతుంది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి అదే మొత్తంతో సక్షమ్ ఉంది. బోర్డు పరీక్షలో ఎనభయ్యో పర్సంటైల్‌ను దాటి (అంటే పై ఇరవై శాతంలో నిలిచి), కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలకు మించనివారు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో సెంట్రల్ సెక్టార్ స్కీముకు దరఖాస్తు చేయవచ్చు. దానికింద ఇంజినీరింగ్‌లో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, నాలుగో ఏడాది 20,000 వస్తుంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ, లక్ష లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకూ ట్యూషన్ ఫీజు పూర్తిగా, లక్ష నుంచి అయిదు లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి మూడింట రెండు వంతులు మాఫీ అవుతుంది. అయితే ప్రభుత్వ సాయం రెండు చోట్ల తీసుకోవడం సాధారణంగా కుదరదు. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారు సెంట్రల్ సెక్టార్ స్కీముకు అనర్హులు. 35,000 మాత్రమే వచ్చే అమ్మాయి ప్రగతికి ఎంపికైతే ఏది ఎక్కువో చూసుకుని ఒకదాన్నే ఎంచుకోవాలి.

ఇవన్నీ పోగా మిగిలిన లోటుకే బ్యాంకు రుణం. ప్రభుత్వ రంగ బ్యాంకుల నమూనా పథకంలో నాలుగు లక్షల వరకు మన వాటా ఏమీ అడగరు, అది దాటితే దేశంలోని చదువులకు అయిదు శాతం మనం పెట్టుకోవాలి. రుణ హామీ నిధి పథకం ఉన్నందున ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా అడగకూడదు. ఊళ్లో బ్రాంచి మేనేజరు పొలం కాగితాలు తెమ్మంటే ఈ మాట మర్యాదగా గుర్తుచేసి, దరఖాస్తును విద్యా రుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా పెట్టండి, అప్పుడు దానికొక నంబరు, తేదీ ఉంటాయి. రుణానికి ఉమ్మడిగా సంతకం చేసే తండ్రి పేరిట పాత పంట రుణమో బంగారం రుణమో మొండిబాకీగా నమోదై ఉంటే ముందే తీర్చి, నో డ్యూస్ లేఖ తీసుకోవడం మంచిది. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తనఖా, పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో (వాయిదాలు మొదలయ్యే వరకు) మూడు శాతం వడ్డీ రాయితీ దొరుకుతుంది, కానీ వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందేవారికి ఆ రాయితీ వర్తించదు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో వెబ్ ఆప్షన్లకు ముందే చూసుకోండి.

మన ఉదాహరణలోని అబ్బాయి నగరంలోని కాలేజీనే ఎంచుకుని, ఇంటి నుంచి 60,000 పోగా ఏటా లక్షన్నర చొప్పున ఆరు లక్షలు అప్పు తీసుకున్నాడనీ, వడ్డీ పది శాతమనీ అనుకుందాం. చదువు నాలుగేళ్లూ, ఆపై ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కర్లేదు. అంతమాత్రాన వడ్డీ ఆగదు, ప్రతి విడతకూ బ్యాంకు విడుదల చేసిన రోజు నుంచే సాధారణ వడ్డీ నడుస్తుంది. ఏ రాయితీ లేకపోతే అయిదేళ్లు ముగిసేసరికి ఆ వడ్డీ 2,10,000 అవుతుంది, అసలు 8,10,000గా మారి, పదేళ్ల గడువుతో నెలకు సుమారు 10,700 కట్టవలసి వస్తుంది. అదే ఇంట్లోవారు మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత రెండేళ్లు 5,000 చొప్పున వడ్డీని అప్పటికప్పుడు చెల్లిస్తూ వస్తే, ఉద్యోగం వచ్చాక వాయిదా 7,930 దగ్గరే నిలుస్తుంది. ఇలా కట్టేవారికి వడ్డీ రేటులో ఒక శాతం తగ్గించే వెసులుబాటు కూడా నమూనా పథకంలో ఉంది, అది మీ బ్యాంకులో ఉందేమో అడగాలి. మంజూరైంది కదా అని మొత్తమంతా తీసుకోనవసరం లేదు. ఆ ఏడాది రీయింబర్స్‌మెంట్ అందితేనో, హాస్టల్ మానేసి గది తీసుకున్నందువల్ల ఖర్చు తగ్గితేనో, తదుపరి విడతను అంత మేరకు తగ్గించి విడుదల చేయమని కాలేజీ ఇచ్చిన డిమాండ్ లేఖతో పాటు బ్రాంచిలో రాసి ఇవ్వండి.