రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక చేతిని దాచుకోకండి

పోయిన వారం గాజువాక నుంచి ఒకావిడ రేడియేషన్‌కి ముందు చేసే ప్లానింగ్ స్కాన్‌కి వెళ్లి, స్కాన్ కాకుండానే తిరిగొచ్చారు. కారణం, చెయ్యి లేవలేదు. రొమ్ముకి రేడియేషన్ ఇచ్చేటప్పుడు మామూలుగా ఆ వైపు చేతిని తలపైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. ఆమె చెయ్యి భుజం ఎత్తుకి కూడా రావడం లేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచి చెయ్యిని ఒంటికి ఆనించి, పైన కొంగు కప్పుకుని ఉన్నారు. "కదపకమ్మా, కుట్లు ఊడిపోతాయి" అని ఇంట్లో అందరూ ప్రేమగానే చెప్పారు. ముందు ఫిజియోథెరపీ చేయించుకుని రమ్మని పంపేశారు.

ఫిజియోథెరపీ గదిలో నేను ఎక్కువగా చూసే నష్టం ఇదే. మందులు వేళకి వేసుకోండి, కట్టు తడవనివ్వకండి లాంటివి అందరూ చెబుతారు. చెయ్యి కదపమని మాత్రం గట్టిగా ఎవరూ చెప్పరు.

చంకలో గడ్డలు (లింఫ్ గ్రంథులు) తీసిన చోట మానుతున్న కొద్దీ లోపలి కణజాలం బిగుస్తుంది. కదలిక లేకపోతే భుజం కీలు కూడా పట్టేస్తుంది. కొందరికి చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద సన్నటి తాడు లాగినట్టు తగులుతుంది. భయపడి చెయ్యి ముడుచుకుంటే అది ఇంకా లాగుతుంది. సాగదీసే వ్యాయామాలతో చాలామందికి తగ్గిపోతుంది.

ఆపరేషన్ మర్నాటి నుంచే పిడికిలి బిగించి వదలండి, మోచెయ్యి మడిచి చాపండి. ఆ చేత్తోనే అన్నం తినండి, తల దువ్వుకోండి. గాయం నుంచి నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లూ భుజం ఎత్తు దాటించొద్దు. గొట్టం తీసి, సర్జన్ సరేనన్నాక గోడ పని మొదలుపెట్టండి. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. ఎంతవరకు అందిందో పెన్సిల్‌తో గీత పెట్టండి, రేపు ఆ గీత దాటాలి. రోజుకి మూడుసార్లు. లాగినట్టు ఉంటే పర్వాలేదు, పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడ ఆపాలి. నొప్పి మాత్ర రాసి ఉంటే అరగంట ముందు వేసుకుని చెయ్యండి. రొమ్ముని తిరిగి అమర్చే సర్జరీ కూడా చేస్తే లెక్క వేరు, వాళ్ల సర్జన్ మాటే వినాలి.

విశాఖ కేజీహెచ్ అయినా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా, డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టుని చూపించమని అడగండి. అడిగి తీరాలి.

ఇక వాపు. చంక గడ్డలన్నీ తీస్తే సుమారు అయిదుగురిలో ఒకరికి చేతివాపు వస్తుంది. ఒకటి రెండు గడ్డలు తీసి పరీక్షించిన వాళ్లలో చాలా తక్కువ. ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. నిన్నటిదాకా వదులుగా ఉన్న గాజు ఇవాళ ఎక్కకపోయినా, జాకెట్టు చెయ్యి బిగుతైనా ఆ వారమే చూపించండి. వాపు భయంతో చెయ్యి వాడటం మానేయకండి. మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం వాపుని పెంచదని పరిశోధనల్లో తేలింది.

చంక కింద నీరు చేరి ఉబ్బితే నొక్కొద్దు, చూపించండి.
నూనె కాచి గట్టిగా మర్దనా వద్దు.
వేడి కాపడం అసలే వద్దు. పైచేతి లోపలివైపు తిమ్మిరిగా ఉంటుంది, కాలినా తెలియదు.
పూర్ణా మార్కెట్ సంచులు మొదట్లో రెండో చేత్తోనే.
ఆర్టీసీ బస్సులో పైరాడ్డు ఆ చేత్తో పట్టుకోవద్దు.
ఇంజెక్షన్, బీపీ వీలైనంత వరకు రెండో చేతికే.
కత్తిపీట దగ్గర జాగ్రత్త. తెగితే వెంటనే కడిగి మందు రాయండి.
వానాకాలం దోమలు కుట్టిన చోట గోకొద్దు.
ప్రెషర్ స్లీవ్ (వాపుకి చేతికి వేసే బిగుతు తొడుగు) కొలత తీసి ఇచ్చిందే వేసుకోవాలి. పక్కింటావిడది వద్దు. మన విశాఖ ఉక్కపోతకి రోజూ ఉతికి ఆరెయ్యాలి.
చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి. తెల్లారనిద్దాం అనొద్దు.
మెడలో గుడ్డ కట్టి చెయ్యి వేలాడదీయొద్దు. డాక్టరు చెబితే తప్ప.
అత్తగారు కదపొద్దన్నా, అమ్మ కదపొద్దన్నా చెయ్యి కదపాలి.
రేడియేషన్ అయిపోయిందని ఆపొద్దు. రేడియేషన్ వల్ల బిగుతు నెలల తర్వాత కూడా వస్తుంది, గోడ దగ్గరికి రోజూ వెళ్లండి.